బెంచి మీది శీను

మందులు ఆపి రెండేళ్ళు దాటింది. అయినా ఆ యేటి వానాకాలం గురించి ఎవరైనా అడిగితే వరుసగా చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. కొన్ని రోజులు నాకు గుర్తున్నాయి. కొన్ని వేరేవాళ్ళు చెబితే తెలిశాయి. ఇంకొన్ని నేను నిజంగా చూశానో, ఎవరో చెప్పగా చూసినట్టు అనుకుంటున్నానో తేలడం లేదు. ఈ మూడింటినీ విడదీసుకోవాలని రాస్తున్నాను. వారాల తరబడి తలనొప్పితో ఉండి "అదే తగ్గుతదిలే" అనుకుంటున్నవాళ్ళు ఎవరైనా చదివితే, నాకంటే ముందుగా దవాఖానకు పోతారని ఒక ఆశ కూడా ఉంది. మరొక కారణం, నేను జ్వరంలో పలికిన ఒక పేరు. ఆ పేరు వల్ల ఏ పాపం తెలియని ఒక ఇంట్లో భార్యాభర్తలు మాట్లాడుకోని రోజులు వచ్చాయి. అది ఎక్కడి పేరో రాసిపెట్టాల్సిన బాధ్యత నాదే.

జూన్

అది రెండువేల ఆరు. వనపర్తిలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన రాములు బస్సు కండక్టరు. అత్తమ్మ మాతోనే ఉండేది. నేను బిజినేపల్లి దాటాక ఒక ఊరి బడిలో విద్యా వాలంటీరుగా చెప్పేదాన్ని. పెళ్ళయి రెండేళ్ళు.

బడి తెరిచిన రెండో వారంలో తలనొప్పి మొదలైంది. పొద్దున కొంచెం ఉండేది, సాయంత్రానికి జ్వరం తోడయ్యేది. మొదట చూసిన డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. రెండో ఆయన కళ్ళద్దాలు రాశాడు. మూడో ఆయన గ్యాస్ అని గోళీలు ఇచ్చాడు. అత్తమ్మ ఎండు మిరపకాయలతో దిష్టి తీసింది. ఎవరినీ తప్పుపట్టలేను. ఆ జబ్బు మొదట్లో అన్ని జబ్బుల్లాగే ఉంటుందని తర్వాత చెప్పారు. ప్రతి గోళీకీ రెండు రోజులు తగ్గినట్టే ఉండేది. ఆ రెండు రోజులే మమ్మల్ని మోసం చేశాయి.

జూలై

బడికి సెలవు పెట్టాను. వెలుతురు చూస్తే కళ్ళ వెనక గుచ్చినట్టుండేది. చప్పుడైతే వాంతి వచ్చేది. అత్తమ్మ నా కోసం తన సీరియళ్ళు మానుకుని, మధ్యాహ్నాలు పక్కింటికి పోయి చూసేది. ఇంట్లో నేనొక్కదాన్నే. కళ్ళు మూసుకుంటే గది గిర్రున తిరిగేది. కదిలేది ఏదైనా ఎదురుగా ఉంటే తిరగడం తగ్గేది. అందుకని చప్పుడు పూర్తిగా తగ్గించి టీవీ పెట్టుకునేదాన్ని. కొంగు కళ్ళమీద కప్పుకుని, దాని గుండా చూసేదాన్ని.

సినిమాల్లో, సీరియళ్ళలో వెలుగు మెరుపుల్లా కొట్టేది. పిల్లల ఛానల్‌లో మధ్యాహ్నం ఒక బొమ్మల కథ వచ్చేది. ఫుట్‌బాల్ ఆట. జపాన్ వాళ్ళదని తర్వాత ఎవరో చెప్పారు. తెరంతా పచ్చటి మైదానం, కళ్ళకు చల్లగా ఉండేది. హిందీలో మాట్లాడేవాళ్ళట. నేను వినలేదు కాబట్టి నాకు కథ తెలియదు. నిక్కబొడిచిన జుట్టుతో ఒక పిల్లవాడు పరుగెత్తేవాడు. వాడు ఒక్కసారి బంతిని తన్నితే, అది గోలు దగ్గరికి చేరేసరికి ఆనాటి భాగం అయిపోయేది. అంతసేపూ అందరూ వాడినే చూసేవాళ్ళు. నాకు మాత్రం వాడి పరుగు చూస్తే తల తిరిగేది. అందుకని కదలనివాళ్ళను చూడడం మొదలుపెట్టాను.

మైదానం పక్కన ఒక బెంచి ఉండేది. దాని మీద ఐదారుగురు కూర్చునేవాళ్ళు. వాళ్ళను గీసినవాళ్ళు పెద్దగా కష్టపడలేదు. కళ్ళంటే రెండు చుక్కలు, నోరంటే ఒక గీత. రెండు క్షణాలు చూపించి మళ్ళీ ఆటలోకి పోయేవాళ్ళు. బెంచి చివర కళ్ళద్దాల పిల్లవాడు ఒకడు. గోలు పడితే అందరూ ఒక్కసారే లేచేవాళ్ళు, వాడు అందరికంటే ఆలస్యంగా లేచేవాడు. ఎందుకు? ఏం ఆలోచిస్తుంటాడు? ఆ ప్రశ్న పట్టుకుని రోజంతా పడుకునేదాన్ని. వాడికి శీను అని పేరు పెట్టాను.

శీనుకు ఆట మీద కోరిక లేదనుకున్నాను. వాళ్ళ అవ్వకు కళ్ళు కనబడవు. ఆట కాగానే ఇంటికి పోయి సజ్జరొట్టె కొడతాడు. రొట్టె పగలకుండా పెద్దగా కొట్టడం వాడికి ఇష్టమైన పని. ఈ సంగతి బెంచి మీద ఎవరికీ చెప్పడు. వాడి పక్కన లావుగా ఉండేవాడు బస్వరాజు. వాడు అగ్గిపెట్టెల మీది బొమ్మలు ఏరి, పాత పుస్తకంలో అంటిస్తాడు. నెమలి బొమ్మ ఒకటి దొరకక మూడేళ్ళుగా వెతుకుతున్నాడు. తువ్వాళ్ళు, నీళ్ళ సీసాలు అందించే అమ్మాయి సరోజ. ఆమెకు బస్సు నడపాలని ఉంది. ఆటగాళ్ళు అరుస్తుంటే ఆమె కాళ్ళు కిందనే క్లచ్ తొక్కుతుంటాయి.

ఆ నెలాఖరుకు నాకు ఒకటి రెండుగా కనబడడం మొదలైంది. బెంచి మీద ఆరుగురు పన్నెండు మంది అయ్యారు. కొత్తవాళ్ళకు కూడా పేర్లు పెట్టాలేమో అనుకున్నాను. జబ్బు ముదిరిందని అనుకోలేదు.

ఒకరోజు మా బడి నుంచి శ్రీనివాసులు సారు చూడడానికి వచ్చాడట. లెక్కల సారు. నాగర్‌కర్నూల్ నుంచి మోపెడ్ మీద బడికి వచ్చేవాడు. స్టాఫు తరఫున జామకాయలు తెచ్చి, పావుగంట కూర్చుని పోయాడని అత్తమ్మ తర్వాత చెప్పింది. నాకు అది గుర్తులేదు. నిజానికి పైన రాసిన బెంచి సంగతులు కూడా మూడు నెలల తర్వాత ఒక్క ముక్కా నాకు గుర్తులేకపోయింది. ఆ తర్వాత ఎట్లా తిరిగి వచ్చాయో చెబుతాను.

ఆగస్టు

పొయ్యి ముందు కూర్చుని, అన్నం గిన్నెలో ఉప్పుకు బదులు సబ్బుపొడి వేశానట. అత్తమ్మ గట్టిగా అడిగితే "ఆట అయిపోలే" అన్నానట. ఆ సాయంత్రమే మా ఆయన నన్ను జిల్లా దవాఖానకు తీసుకుపోయాడు. వెన్నులో సూది పెట్టి నీళ్ళు తీశారు. మెదడు పొరలకు టీబీ అన్నారు. ఇంకో వారం ఆలస్యమైతే దక్కేది కాదని పెద్ద డాక్టరు మా ఆయనతో చెప్పాడు.

తర్వాత పది పన్నెండు రోజులు నేను లేను. గద్వాల నుంచి అమ్మ వచ్చి నా దగ్గర ఉంది. ఆమె చెప్పిన దాన్నిబట్టి నేను మాట్లాడుతూనే ఉన్నాను. "శీనును ఇయ్యాల గూడ పిలువకపోయిరి" అన్నాను. "శీను రొట్టె చేసిండు, తిందాం రా" అన్నాను. "శీనుకు చెప్పండి, ఎవరు చూడకున్నా నేను చూస్తున్న అని" అన్నాను. ఈ చివరి మాట మా ఆయన ఎదురుగానే, ఆయన చెయ్యి పట్టుకుని అన్నానట.

అమ్మ నా చెవి దగ్గర మెల్లగా అడిగింది. "ఎవరు బిడ్డా శీను?"

"బెంచి మీద కూసుంటడు."

"ఏ బెంచి?"

"మా బెంచే."

అత్తమ్మ అక్కడే ఉంది. బెంచి అంటే బడి. బడిలో శీను అంటే జామకాయలు తెచ్చిన సారు. ఆమెకు వేరే ఆలోచన రావడానికి దారి లేదు. నేను ఆమె జాగాలో ఉన్నా అదే అనుకునేదాన్నేమో.

కొంచెం తెలివి వచ్చాక నాకు గుర్తున్నది పక్క మంచం మీది మరియమ్మ. శ్రీరంగాపూర్ దగ్గరి ఊరు ఆమెది. వయసంతా పూణె వైపు కాలువ పనుల్లో గడిచిందని చెప్పింది. టీబీ మందులు పడక కామెర్లు వచ్చి చేరింది. అప్పటికి అమ్మకు జ్వరం వచ్చి గద్వాలకు పోయింది. అత్తమ్మ వార్డు వాసన పడక బయట వరండాలో కూర్చునేది. నేను ఎవరి పేరు ఎత్తినా మావాళ్ళు "ఎవడు" అని అడిగేవాళ్ళు. మరియమ్మ ఒక్కతే "ఏం జేస్తడు" అని అడిగేది. అట్లా అడిగితే నాకు చెప్పాలనిపించేది. నా చేతిలో గ్లాసు వణికితే తన చెయ్యి కింద పెట్టి పట్టుకునేది. నేను ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఆమె చెయ్యి మాత్రం గుర్తుంది, ఇసుక కాగితంలాగా ఉండేది.

సెప్టెంబరు, అక్టోబరు

బతుకమ్మ పండుగకు వారం ముందు ఇంటికి పంపారు. ఏడాదికి పైగా మందులు వేసుకోవాలన్నారు. గోడ పట్టుకుని నడిచేదాన్ని. కూరలో ఏం పడితే వాసన వస్తుందో మరిచిపోయాను. "బకెట్" అనబోయి "బస్సు" అనేదాన్ని.

ఇంట్లో ఏదో మారింది. మా ఆయన మందులు లెక్క ప్రకారం ఇచ్చేవాడు, నీళ్ళు కాచి పెట్టేవాడు, కానీ నా ముఖం చూసేవాడు కాదు. జబ్బు మనిషిని చూడలేక అనుకున్నాను. మూడో రోజు, నేను గోళీ మింగి గ్లాసు కింద పెట్టగానే అడిగాడు.

"శీను ఎవరు?"

"తెల్వదు."

"తెల్వదంటే ఎట్ల? దవాఖానల దినాం అదే పేరు."

"అన్ననేమో. నాకు తెల్వదు."

"శ్రీనివాసులు సారేనా?"

నేను వెంటనే కాదు అనలేదు. అదే నా తప్పు. అనలేకపోయాను. కళ్ళు మూసుకుంటే ఒక బెంచి చివర కళ్ళద్దాలు పెట్టుకున్నవాడు కూర్చున్నట్టు కనబడేది. వాడంటే నాకు చాలా జాలి అని తెలిసేది. వాడెవడో తెలిసేది కాదు. సారుకు కూడా కళ్ళద్దాలున్నాయి. మూడు నెలల్లో నేను ఏం చేశానో నాకే తెలియనప్పుడు ఏం చేయలేదో ఎట్లా చెప్పను? నిజంగా నాకు ఆయన మీద మనసు ఉండిందా? ఉండి మరిచిపోయానా? మరిచిపోయిన తప్పును ఒప్పుకోవాలా వద్దా? రోజంతా ఇదే. డాక్టర్లు మెదడు వాపు తగ్గిందన్నారు. నాకైతే తలలో ఎవరో వచ్చి సామాన్లన్నీ జరిపి పోయినట్టుండేది.

"జర ఆలోచించి చెప్త" అన్నాను. మా ఆయన లేచి బయటికి పోయాడు. ఆలోచించి చెప్పే మాటనా అది?

నాలుగు రోజులకు అత్తమ్మ నా బట్టలు సర్దింది. "మీ అమ్మకాడ ఉండు కొన్నొద్దులు. ఆడ నిమ్మళంగ ఉంటది" అంది. అట్లా గద్వాల చేరాను.

ఆ నెలల్లో మా ఆయనకు గద్వాల రూటే పడింది. రోజూ మధ్యాహ్నం ఆయన బస్సు వచ్చి బస్టాండులో అరగంట ఆగేది. మా ఇల్లు అక్కడికి నడిచిపోయేంత దూరం. ఒక్కసారీ రాలేదు. అమ్మ ఊరుకోలేక టిఫిన్ డబ్బాలో అన్నం పెట్టుకుని పోయేది. తిరిగొచ్చి ఖాళీ డబ్బా కడుగుతూ చెప్పేది.

"తిన్నడు. డ్యూటీల ఉన్న అత్తా, ఇంటికి రానీకె టైం లేదన్నడు."

"నా గురించి అడిగిండా?"

"మందులు ఏసుకుంటున్నదా అని అడిగిండు."

"అంతేనా?"

"అంతే."

అమ్మ నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. ఒకరోజు తల దువ్వుతూ, "ఏమన్న ఉంటే నాకు చెప్పు. కడుపుల పెట్టుకుంట" అంది. చెప్పడానికి ఏముందో నాకే తెలియదని ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. దువ్వెన నిండా జుట్టు ఊడి వచ్చింది. ఆమె దాన్ని నాకు కనబడకుండా చుట్టి పెట్టుకుంది.

నవంబరు

మళ్ళీ చూపించుకోవడానికి జిల్లా దవాఖానకు రమ్మన్నారు. మా ఆయన సెలవు పెట్టి, గద్వాలకు వచ్చి తీసుకుపోయాడు. బస్సులో ఇద్దరి మధ్య ఫైలు సంచి పెట్టుకుని కూర్చున్నాం. అక్కడ చీటీ తీసుకుని గంటలు గంటలు గోడ పక్కన కూర్చున్నాం. ఎవరో ముసలాయన తన వంతు దాటిపోయిందని కాంపౌండరును బతిమాలుతున్నాడు. ఒక తల్లి పిల్లకు బిస్కెట్ నీళ్ళలో ముంచి పెడుతోంది.

"సువర్ణా" అని ఎవరో పిలిచారు. మరియమ్మ. కళ్ళ పసుపు పోయింది, కొంచెం ఒళ్ళు చేసింది. వచ్చి నా పక్కన కింద కూర్చుని నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"మంచిగైనవు బిడ్డా. ఇంగ మన శీను ఎట్లున్నడు? ఇప్పుడన్న ఆట్ల దిగనిచ్చిన్రా లేదా?"

మా ఆయన తల తిప్పాడు.

"ఏ శీను, పెద్దమ్మా?" అన్నాడు ఆయన.

"గదే, టీవీల బంతాట బొమ్మలు రావా. అండ్ల బెంచి కొసకు కూసునే పిల్లగాడు. కండ్లద్దాలోడు. నీకు చెప్పలేదా? నాకు దినాం చెప్పేది. గుడ్డి అవ్వకు రొట్టె చేస్తడు పాపం. లావుటోడు బస్వరాజు అగ్గిపెట్టె బొమ్మలు ఏరుతడు. నేను పూణెల ఉన్నప్పుడు మా గుడిసెల పక్కన గట్ల ఏరేటోడు ఒకడుండె, వాని ముచ్చట నేను చెప్పిన."

"బొమ్మలా?" అన్నాడు మా ఆయన.

"బొమ్మలే. బొమ్మలైతే ఏంది? ఆట్ల లేనోళ్ళకు ఇల్లు వాకిలి ఉండదా?"

ఆమె మాట్లాడుతుంటే ఒక్కొక్కటే తిరిగి వచ్చింది. కొంగు గుండా కనబడ్డ పచ్చటి మైదానం. చుక్కల్లాంటి కళ్ళు. సరోజ కాళ్ళు. నేను ఏడ్చాను. సంతోషంతో అనుకుని మరియమ్మ వీపు నిమిరింది. అది సంతోషమో, సిగ్గో, కోపమో నాకు తెలియలేదు. నా సంసారాన్ని కూల్చబోయినవాడు రెండు చుక్కలు, ఒక గీత.

వనపర్తి బస్సు కోసం నిలబడ్డప్పుడు మా ఆయన నన్ను చూడకుండానే అన్నాడు.

"నేను నాగర్‌కర్నూల్ పోయిన."

"ఎందుకు?"

"శ్రీనివాసులు సారు ఇంటికి. ఆయన భార్య ముంగటనే అడిగిన, నీకు నా పెండ్లాంకు ఏంది అని."

"ఎప్పుడు?"

"నువ్వు దవాఖానల ఉన్నప్పుడే. నువ్వు బతుకుతవో లేదో తెల్వకముందే పోయిన. అది తలుసుకుంటే నాకు పరేషాన్ అయితది."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆయన చేతిలో ఫైలు సంచి తలకిందులుగా పట్టుకున్నాడు, ఎక్స్‌రే సగం బయటికి జారింది. ముందు దాన్ని లోపలికి తోశాను. ఆ రోజు మేము గద్వాలకు పోలేదు, వనపర్తి ఇంటికే పోయాం. మరునాడు మధ్యాహ్నం ఆయన టీవీ పెట్టి ఆ బొమ్మల కోసం వెతికాడు. ఆ వేళకు వేరే ఏదో వస్తోంది. వారమంతా చూశాడు, రాలేదు. శీనును ఆయనకు చూపించే వీలు లేకపోయింది. ఒక ముసలామె మాట, నా మాట, అంతే. ఆయన నమ్మాడు. పూర్తిగా నమ్మాడా అని నేను అడగలేదు.

జ్వరంలో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చునేవాళ్ళకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. వాళ్ళు పలికే పేర్లకు అప్పుడే అర్థాలు కట్టకండి. అడగాలనిపిస్తే మరియమ్మ అడిగినట్టు అడగండి.

డిసెంబరు

నేను కొంచెం నడవగలిగాక ఇద్దరం నాగర్‌కర్నూల్ పోయాం. ఆదివారం. సారు భార్య తలుపు తీసింది. మా ఆయనను గుర్తుపట్టి ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత పక్కకు జరిగింది.

సారు చాప మీద పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. మా ఆయన కూర్చోలేదు.

"సారూ, నాది తప్పయింది. ఇంట్లకు వచ్చి అట్ల అడగాల్సింది కాదు."

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కూసోండి ముందుగాల. ఆమె నిలబడలేకపోతున్నది" అన్నాడు.

నేను మొదటినుంచి చెప్పాను. తలనొప్పి, టీవీ, బెంచి, రొట్టె. నా నోటితో చెబుతుంటే నాకే అబద్ధంలాగా వినబడింది. చదువుకున్న మనిషి, పిల్లలకు చెప్పే మనిషి, బొమ్మలకు పేర్లు పెట్టుకుని వాళ్ళ ఇళ్ళలో తిరిగిందంటే ఎవరు నమ్ముతారు? సారు తల వంచుకుని విన్నాడు. ఆయన భార్య గోడకు ఆనుకుని నిలబడి విన్నది. అంతా అయ్యాక ఆమె అడిగింది.

"ఇన్ని పేర్లుండంగ ఆ పిల్లగానికి మా ఇంటాయన పేరెందుకు పెట్టినవు చెల్లె?"

దారి పొడుగునా అన్ని ప్రశ్నలకూ జవాబు అనుకుంటూ వచ్చాను. ఇది అనుకోలేదు. శీను అనేది ఊరికి పదిమందికి ఉండే పేరు అని అనవచ్చు. అది నిజం కూడా. కానీ అంతేనా అంటే నాకు తెలియదు. అక్కడి నుంచి అబద్ధం చెప్పి లేవడం ఇష్టం లేకపోయింది.

"తెల్వదక్కా. నిజంగనే తెల్వదు. బడిల మధ్యాహ్నం అందరం ఒక్కకాడ కూసొని తింటం. సారు మాత్రం వరండల బెంచి కొసకు పోయి ఒక్కడే తింటడు. అది చూసి చూసి నా మనసుల పడ్డదేమో. ఇంగ వేరేది ఏం లేదు."

ఆమె భర్త వైపు తిరిగింది.

"ఒక్కనివే తింటవా?"

సారు ఎర్ర పెన్ను మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. "ఆ."

"ఎన్నొద్దులసంది?"

"మొదటిసంది గట్లనే. అలవాటు."

"నాకెన్నడు చెప్పలే."

"చెప్పేదేముంది అండ్ల."

ఆమె చాలాసేపు ఆయన్నే చూసింది. మేము అక్కడ ఉన్న సంగతి మరిచిపోయినట్టుంది.

"డబ్బాల దినాం రెండు కూరలు పెడ్త" అంది ఆమె మెల్లగా. "నల్గురు కూసొని తింటరు గద, సరిపోవాలె అని."